మోకాల్లో ఏం తెగింది? ఎముకల డాక్టర్‌తో మాటామంతీ

యాంకర్: నమస్తే అండీ. సంక్రాంతి కబడ్డీ పోటీలు అయ్యాక మీ దగ్గరికి మోకాళ్లు పట్టుకుని వచ్చేవాళ్లు ఎక్కువవుతారా డాక్టర్ గారూ?

డాక్టర్: వస్తారు. కాకపోతే దెబ్బ తగిలిన రోజున రారు. బెణికిందిలే అని ఏదో తైలం రాయించుకుని, వాపు తగ్గగానే మళ్లీ కోర్టులోకి దిగుతారు. పక్కకి తిరగ్గానే మోకాలు జారిపోతుంది. అప్పుడొస్తారు.

యాంకర్: బెణుకో, లోపల తెగిందో మొదటి రోజే ఎలా తెలుస్తుంది?

డాక్టర్: వాపు ఎప్పుడొచ్చిందని అడుగుతాను. గంటా రెండు గంటల్లోనే ఉబ్బిందంటే లోపల రక్తం చేరి ఉండొచ్చు. ముందు అనుమానించేది ఏసీఎల్‌నే. మోకాలి కింది ఎముక ముందుకు జారకుండా మోకాలి మధ్యలో పట్టి ఉంచే లిగమెంట్, అంటే ఎముకల్ని కలిపి ఉంచే గట్టి పట్టీ అది. తెగినప్పుడు 'టప్' మని వినిపించిందని చాలామంది చెబుతారు. తెల్లారేసరికి మెల్లగా వాచిందంటే మెనిస్కస్ వైపు చూస్తాం.

యాంకర్: అదేనా మనం గుజ్జు అనేది?

డాక్టర్: కాదమ్మా. గుజ్జు ఎముక చివర పూతలా అంటుకుని ఉంటుంది. మెనిస్కస్‌లు రెండెముకల మధ్య నెలవంక ఆకారంలో ఉండే మెత్తలు, మోకాలికి రెండు. లోపలి వైపుది అంతగా కదలదు, అందుకే ఎక్కువగా అదే చిరుగుతుంది. రెయిడర్‌ని నలుగురు పట్టుకున్నప్పుడు చూడండి. పాదం మ్యాట్ మీద ఆని ఉంటుంది, మోకాలు వంగి ఉంటుంది, ఒళ్లు ఇంకోవైపు తిరుగుతుంది. చిరిగిన ముక్క మధ్యలో ఇరుక్కుంటే కాలు చాపలేరు. అలా పట్టేస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు. మెనిస్కస్ బయటి అంచుకి రక్తం అందుతుంది కాబట్టి అక్కడి చిరుగు కుడితే అతుక్కునే అవకాశం ఉంది. లోపలి భాగానికి ఆ భాగ్యం లేదు.

యాంకర్: మా అమ్మకి 58. స్కానింగ్‌లో మెనిస్కస్ చిరిగిందని రాశారు, ఆపరేషన్ అంటున్నారు.

డాక్టర్: ఎక్కడైనా పడ్డారా?

యాంకర్: లేదండీ. మెట్లెక్కితే నొప్పి, అంతే.

డాక్టర్: కాలు పట్టేయడం లేదు కదా? మరి తొందరేంటి? అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 50 దాటినవాళ్ల మోకాళ్లకి ఎంఆర్‌ఐ తీసి 2008లో ఫలితాలు చెప్పారు. చిరుగు ఉన్నవాళ్లలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో నొప్పే లేదు. 2013లో ఫిన్లాండ్ డాక్టర్లు ఇంకా ముందుకెళ్లారు. పెద్ద దెబ్బేమీ లేకుండా అరుగుదలతో చిరిగిన 146 మందిలో కొందరికి నిజంగానే ముక్క తీశారు, కొందరికి తీసినట్టు నటించారు. ఏడాది తర్వాత చెప్పుకోదగ్గ తేడా లేదు.

యాంకర్: నటించారా!

డాక్టర్: వాళ్లు ముందే ఒప్పుకున్నాకే. ఆ ఫలితం మావాళ్లలో చాలామందికి మింగుడుపడలేదు, అది వేరే సంగతి.

యాంకర్: మరి అమ్మ ఏం చేయాలి?

డాక్టర్: తొడ కండ పెంచాలి. కుర్చీలో కూర్చుని కాలు చాచి, కాసేపు నిలిపి దించడం, రోజూ. బరువుంటే తగ్గాలి. గొంతుక్కూర్చుని చేసే పనులు కొన్నాళ్లు మానాలి, ఒంటికాలి మీద బరువేసి గిర్రున తిరగకూడదు. ఓ మూడు నెలలు ఇలా చేశాక కూడా తగ్గకపోతే అప్పుడు ఆలోచిద్దాం.

యాంకర్: ఆటగాళ్లకి?

డాక్టర్: ఫుట్‌బాల్ వాళ్ల కోసం ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా 'లెవెన్ ప్లస్' అని 20 నిమిషాల వార్మప్ తయారుచేయించింది. గెంతి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా, కాస్త వంచి దిగడం, తొడ వెనక కండలకి బలం, ఇవన్నీ అందులో ఉంటాయి. కబడ్డీ కోచ్‌లు కూడా వారానికి రెండుమూడుసార్లు చేయించొచ్చు. ఆడపిల్లల జట్లకైతే తప్పకుండా. గెంతడం, చటుక్కున తిరగడం ఉన్న ఆటల్లో వాళ్లకే ఏసీఎల్ ఎక్కువగా తెగుతుంది.

యాంకర్: ఏసీఎల్ ఆపరేషన్ అయ్యాక ఎన్నాళ్లకి ఆడొచ్చు?

డాక్టర్: 9 నెలల లోపు దింపకండి. నెలలు నిండినా చాలదు, రెండో కాలితో పోలిస్తే తొడ బలం 90 శాతమైనా రావాలి. ఆరో నెలకే "నొప్పి లేదు సార్, ఊళ్లో టోర్నమెంట్ ఉంది" అంటారు. నొప్పి తగ్గినంత త్వరగా ఆపరేషన్‌లో అమర్చిన కొత్త లిగమెంట్ గట్టిపడదు. వెళ్లు బాబూ, స్కోరు రాయి అంటాను.