నాయకుడి ఎన్నికలో ఓటెవరిది?

శ్రోతలకు నమస్కారం.

మన తూర్పు రాయలసీమ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటేసినవాళ్ళకు తెలుసు, బ్యాలెట్ పేపరుతో పాటు ఊదారంగు స్కెచ్ పెన్ను ఒకటి చేతికిస్తారు. జేబులో ఉన్న సొంత పెన్ను వాడకూడదు. నచ్చిన అభ్యర్థి పేరు ఎదురుగా ఒకటి వెయ్యాలి. ఇష్టముంటే రెండు, మూడు అని అంకెలు వేసుకుంటూ పోవచ్చు. ఎవరికీ సగానికి మించి రాకపోతే, అందరికంటే కింద ఉన్నవారిని పక్కన పెట్టి, వాళ్ళ ఓట్లలో రెండో అంకె ఎవరికుందో చూసి పంచుతారు. టీచర్ల ఎమ్మెల్సీ ఎన్నికదీ ఇదే తీరు.

బ్రిటన్‌లో వామపక్షం వైపుండే లేబర్ పార్టీ తన నాయకుణ్ణి ఎన్నుకునేది ఈ అంకెల పద్ధతిలోనే. కాకపోతే అక్కడ ఓటర్లు పార్టీ సభ్యులు. మనకిది కొంచెం వింతే. మన దగ్గర చాలా పార్టీల్లో అధ్యక్షుడి ఎన్నిక అంటే ఒకే నామినేషన్, ఆ తర్వాత చప్పట్లు. సభ్యత్వ నమోదు ఘనంగా చేస్తారు, కార్డు ఇస్తారు, ప్రమాద బీమా కూడా కట్టేవాళ్ళున్నారు. నాయకుడు ఎవరైతే బాగుంటుందని మాత్రం అడగరు.

అడిగే పార్టీల్లో ఏం జరుగుతుందో ఈరోజు మాట్లాడుకుందాం. వామపక్ష పార్టీల్లో నాయకత్వ పోటీ వచ్చినప్పుడల్లా పైకి కనిపించే చర్చ అభ్యర్థుల గురించి. ఫలానా ఆయన గట్టివాడు, ఫలానా ఆమెకు అనుభవం ఉంది అని. లోపల నలిగే తగాదా వేరు. ఈ పార్టీ ఎవరిది? చందా కట్టే సభ్యుడిదా, ఎన్నికల్లో గెలిచి చట్టసభలో కూర్చున్నవాళ్ళదా, కార్మిక సంఘాలదా?

2010లో లేబర్ పార్టీ నాయకత్వానికి అన్నదమ్ములే తలపడ్డారు. అన్న డేవిడ్ మిలిబాండ్, తమ్ముడు ఎడ్ మిలిబాండ్. అప్పటి నిబంధనలో ఓటుకు మూడు వాటాలు: ఎంపీలకు ఒకటి, పార్టీ సభ్యులకు ఒకటి, కార్మిక సంఘాలు, అనుబంధ సంస్థలకు ఒకటి. ఎంపీల్లో అన్నదే పైచేయి. సభ్యుల్లోనూ అన్నదే. సంఘాల వాటాలో తమ్ముడికి వచ్చిన ఆధిక్యం ఆ రెండింటినీ మింగేసింది. చివరికి తమ్ముడికి 50.65 శాతం, అన్నకు 49.35 శాతం. ఇక ఎడ్ ఉన్నన్నాళ్ళూ, నిన్ను గెలిపించింది పార్టీ కాదు, యూనియన్లు అన్న దెప్పిపొడుపు ఆయనకు తప్పలేదు.

దాంతో 2014లో ఆ మూడు వాటాల లెక్క తీసేశారు. మనిషికి ఒక ఓటు అన్నారు. పూర్తి సభ్యత్వం తీసుకోకపోయినా, 3 పౌండ్లు కట్టి మద్దతుదారుగా పేరు రాయించుకుంటే చాలు, ఓటు వస్తుంది. అప్పటి మారకంలో మన 300 రూపాయలు. సంఘాల పట్టు తగ్గించాలని, మధ్యేవాద వర్గం ఇష్టంగా ఒప్పుకున్న సవరణ ఇది. ఏడాది తిరగ్గానే అది ఎవరి మెడకు చుట్టుకుందో చూడండి.

2015 మేలో లేబర్ ఓడింది, ఎడ్ దిగిపోయాడు. పోటీకి ఆండీ బర్నమ్, ఇవెట్ కూపర్, లిజ్ కెండాల్ ముందుకొచ్చారు. నాలుగోవాడు జెరెమీ కార్బిన్. 66 ఏళ్ళ మనిషి, 1983 నుంచి లండన్‌లో ఇజ్లింగ్టన్ నార్త్ ఎంపీ, సొంత పార్టీ విప్‌ను లెక్కలేనన్నిసార్లు ధిక్కరించినవాడు. బ్యాలెట్ మీద పేరుండాలంటే 35 మంది ఎంపీలు బలపరచాలి. ఆయనకు గడువు ముగిసే నిమిషాల్లో 36 మంది దొరికారు. అందులో కొందరు ఆయనకు ఓటు వేసే ఉద్దేశంతో సంతకం పెట్టలేదు. చర్చలో అన్ని గొంతులూ ఉంటే బాగుంటుందిలే అని పెట్టారు. మాజీ మంత్రి మార్గరెట్ బెకెట్ ఆ పని చేసినందుకు తర్వాత తననే తిట్టుకుంది.

ఇలాంటి విషయాలు మన తిరుపతిలో ఎవరు మాట్లాడతారని అనుకోకండి. ఇక్కడో కార్మిక సంఘం ఆఫీసుంది. గోడకు మేడే జెండా కర్రలు చేరేసి ఉంటాయి, మూలన పాత ధర్నాల ఫ్లెక్సీలు చుట్ట చుట్టి ఉంటాయి. సాయంత్రం పూట నలుగురు చేరి, టీ తెప్పించుకుని, వెనిజులా నుంచి వెంకటగిరి దాకా మాట్లాడతారు. అక్కడ రిటైరైన ఆర్టీసీ కండక్టరు ఒకాయనకీ, ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పే కుర్రాడికీ ఈ కార్బిన్ సంగతి మీద ఒకరోజు గట్టి వాదం పడింది.

"గెలవని మనిషిని లీడర్ని చేసుకోని ఏం లాభం పెద్దాయనా? అధికారం లేకుండా పేదోడికి ఏం చేస్తావు?" అన్నాడు కుర్రాడు.

"గెలిచేవాడని ముందే నీకెవరు చెప్పినారు నాయనా? 2010లో ఒకాయన ఓడె, 2015లో ఇంకొకాయన ఓడె. ఇద్దర్నీ గెలుస్తారనే గదా పెట్టుకునింది?"

కుర్రాడి దగ్గర దీనికి జవాబు లేకపోలేదు. 2019లో కార్బిన్ నాయకత్వంలో లేబర్‌కు వచ్చినవి 202 సీట్లు, 1935 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు అన్నాడు. పెద్దాయన వదల్లేదు. 2017లో అదే కార్బిన్‌కు 40 శాతం ఓట్లొచ్చాయి, 262 సీట్లు. 2024లో ఆయన తర్వాత లేబర్ నాయకుడైన కియర్ స్టార్మర్‌కు 33.7 శాతమే, సీట్లు 411. "ఇప్పుడు జనం ఎవరి వెంట ఉన్నట్టు?" అని అడిగాడు. నిజం చెప్పాలంటే ఈ లెక్క ఇద్దరికీ పనికొస్తుంది. ఎదుటి పక్షం ఓట్లు చీలితే తక్కువ ఓట్లతో ఎక్కువ సీట్లు రావడం మన నియోజకవర్గాల్లోనూ చూసిందే, అక్కడా ఇక్కడా ఒకటే పద్ధతి. సీట్లు చూస్తే కుర్రాడిది నిజం, ఓట్లు చూస్తే పెద్దాయనది. టీ చల్లారిపోయింది, వాదం తెగలేదు.

నాకు ఆ వాదంలో నచ్చింది పెద్దాయన చివర్న అన్న మాట. "ధర్నాకు రాని లీడరు స్టేజీ మీద ఎంత బాగా మాట్లాడితే ఏంది?" ఆయనకు తెలియకుండానే 2015 పోటీలో మలుపు ఎక్కడుందో పట్టుకున్నాడు. ఆ జూలై 20న బ్రిటిష్ పార్లమెంటులో సంక్షేమ పథకాలకు కోత పెట్టే బిల్లు ఓటింగుకు వచ్చింది. కన్సర్వేటివ్ ప్రభుత్వం తెచ్చిన బిల్లు. లేబర్ తాత్కాలిక నాయకురాలు హ్యారియెట్ హార్మన్ మనవాళ్ళు ఓటింగుకు దూరంగా ఉండండి అని చెప్పింది. బర్నమ్, కూపర్, కెండాల్ ముగ్గురూ ఆ మాట విని దూరంగా ఉన్నారు. 48 మంది లేబర్ ఎంపీలు వినకుండా బిల్లుకు వ్యతిరేకంగా ఓటేశారు. నాయకత్వానికి పోటీ పడుతున్న నలుగురిలో అలా వేసింది కార్బిన్ ఒక్కడే. అప్పటిదాకా టీవీ చర్చల్లో ఎవరు బాగా మాట్లాడారని తూకం వేస్తున్న సభ్యులకు, ఆ రాత్రి ఎవరు ఎటు నిలబడ్డారన్నది చేతికి దొరికిన ఆధారం అయింది.

సెప్టెంబరు 12న ఫలితం. కార్బిన్‌కు 59.5 శాతం, మొదటి అంకెతోనే తేలిపోయింది, రెండో అంకె చూడాల్సిన పనే పడలేదు. అయితే పూర్తి సభ్యుల్లో మాత్రమే చూస్తే ఆయనకు వచ్చింది 49.6 శాతం, సగానికి వెంట్రుకవాసి తక్కువ. 3 పౌండ్లు కట్టి చేరిన మద్దతుదారుల్లో 83.8 శాతం. మన ఎమ్మెల్సీ ఎన్నికకు ప్రతిసారీ ఓటర్ల జాబితా కొత్తగా తయారు చేస్తారు కదా, దరఖాస్తు ఫారాలు పట్టుకుని కాలేజీల వెంట, ఇళ్ళ వెంట తిరిగిన పక్షానికి పోలింగుకు ముందే సగం పని అయిపోతుంది. లేబర్‌లోనూ అదే జరిగింది. అయితే సభ్యుల్లో కూడా ఆయనే మొదటివాడు, రెండోవాడికి చాలా దూరంలో ఉన్నాడు. కాబట్టి బయటివాళ్ళు వచ్చి పార్టీని ఎత్తుకుపోయారన్న మాట పూర్తిగా నిజం కాదు.

గెలిచాడు సరే, పార్టీ చేతికొచ్చిందా? ఏడాదిలోపే, 2016 జూన్‌లో, లేబర్ ఎంపీలు ఆయన మీద అవిశ్వాసం పెట్టారు. ఆయనకు వ్యతిరేకంగా 172 మంది, అనుకూలంగా 40 మంది. మళ్ళీ పోటీ పెట్టారు. ఈసారి మద్దతుదారు రుసుము 3 పౌండ్లు కాదు, 25 పౌండ్లు, అది కూడా రెండు రోజుల గడువులో కట్టాలి. జనవరి తర్వాత చేరిన సభ్యులకు ఓటు లేదన్నారు, దాని మీద కోర్టుకెళ్ళారు. ఇంత చేసినా ఓవెన్ స్మిత్ మీద కార్బిన్ 61.8 శాతంతో గెలిచాడు. ఎంపీలు వద్దన్న మనిషిని సభ్యులు రెండుసార్లు కావాలన్నారు.

ఇది చదివినప్పుడు నాకు మన పట్టాభి సీతారామయ్య గుర్తొస్తాడు. 1939లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి సుభాష్ చంద్రబోస్ మీద నిలబడింది ఆయనే. బోస్‌ది వామపక్షం వైపు, పట్టాభి వెనక గాంధీజీ, సర్దార్ పటేల్, మొత్తం పెద్దలు. ఆంధ్ర ప్రతినిధుల్లో ఎక్కువమంది మనవాడికే వేశారు. దేశం మొత్తం మీద బోస్‌కు 1580, పట్టాభికి 1377. పట్టాభి ఓటమి ఆయనకంటే నాకే ఎక్కువ ఓటమి అన్నాడు గాంధీజీ. తర్వాత త్రిపురి మహాసభలో, కార్యవర్గాన్ని గాంధీజీ ఇష్టప్రకారం వేసుకోవాలని గోవింద వల్లభ్ పంత్ తీర్మానం నెగ్గింది. బోస్ పక్షాన నిలుస్తారనుకున్న కాంగ్రెస్ సోషలిస్టులు తటస్థంగా ఉండిపోయారు. ఏప్రిల్ ఆఖరుకు బోస్ రాజీనామా చేశాడు. పట్టాభి కాంగ్రెస్ అధ్యక్షుడు కాకపోలేదు, 1948లో అయ్యాడు. ఆ మధ్యలో దేశానికి స్వాతంత్ర్యం కూడా వచ్చేసింది.

మన కమ్యూనిస్టు పార్టీల దారి వేరు. అక్కడ ఒక అభ్యర్థి కోసం ప్రచారం చేసుకోవడం, వర్గం కట్టడం నిషిద్ధం. శాఖ సభ్యులు పై మహాసభకు ప్రతినిధుల్ని పంపుతారు, అలా మెట్టు మెట్టుగా అఖిల భారత మహాసభ దాకా. ఆ మహాసభ కేంద్ర కమిటీని (సీపీఐలో జాతీయ సమితిని) ఎన్నుకుంటుంది, ఆ కమిటీ ప్రధాన కార్యదర్శిని ఎన్నుకుంటుంది. సీపీఎంలో మొదటి ప్రధాన కార్యదర్శి నెల్లూరు జిల్లా అలగానిపాడు మనిషి, పుచ్చలపల్లి సుందరయ్య. సీపీఐలో చండ్ర రాజేశ్వరరావు పాతికేళ్ళకు పైగా ఉన్నాడు, తర్వాతి తరంలో సురవరం సుధాకర్ రెడ్డి. సీపీఐ నారాయణ మన నగరి ప్రాంతంవాడే. ఇందరు మనవాళ్ళు పైకి వెళ్ళారు గానీ, ఎవరు ఎవరి మీద నిలబడి, ఏ తేడాతో నెగ్గారో అడిగితే చెప్పగలిగినవాళ్ళు తక్కువ. 2015లో సీపీఎం విశాఖపట్నం మహాసభలో, ప్రధాన కార్యదర్శి పదవికి సీతారాం ఏచూరి పేరుతో పాటు ఎస్. రామచంద్రన్ పిళ్ళై పేరు కూడా పత్రికల్లో వారమంతా నలిగింది. తీరా ప్రకటన వచ్చేసరికి ఏచూరి ఏకగ్రీవం.

చర్చ లేదని కాదు. ఉంది, వ్యక్తి మీద కాకుండా పంథా మీద ఉంటుంది. ముసాయిదా తీర్మానాన్ని రెండు నెలల ముందే అచ్చువేసి శాఖలకు పంపుతారు. తిరుపతిలో ఆటో నడిపే సభ్యుడు కూడా ఫలానా పేరాలో ఫలానా మాట మార్చమని రాసి పంపవచ్చు. 2018లో కాంగ్రెస్‌తో ఎంత దూరం వెళ్ళాలన్న ప్రశ్న మీద, కోల్‌కతాలో జరిగిన కేంద్ర కమిటీ సమావేశంలో ఏచూరి ముసాయిదా 55–31 తేడాతో వీగిపోయింది. మూడు నెలలకు హైదరాబాద్ మహాసభలో రహస్య ఓటింగు కావాలని ప్రతినిధులు పట్టుబట్టారు. చివరికి ఓటింగు దాకా పోకుండా పెద్దలే రాజీకొచ్చి, కాంగ్రెస్‌తో అవగాహన కూడా వద్దన్న నిషేధాన్ని తీసేశారు. కమిటీలో ఓడిన ప్రధాన కార్యదర్శే మళ్ళీ ఎన్నికయ్యాడు. 2025లో మదురై మహాసభలో ఇంకో కొత్త సంగతి. కేంద్ర కమిటీకి ఇచ్చిన జాబితాకు పోటీగా మహారాష్ట్ర కార్మిక నాయకుడు డి.ఎల్. కరాడ్ నిలబడ్డాడు. ఓటింగు పెట్టారు, 31 ఓట్లొచ్చాయి, ఓడిపోయాడు. బయట పార్టీల్లో అదొక వార్తే కాదు, అక్కడ మాత్రం పతాక శీర్షిక అయింది.

నన్నడిగితే, మనిషికంటే ముందు పంథాను కాగితం మీద పెట్టి వాదించుకోవడం మంచి అలవాటు. 2020లో లేబర్ సభ్యులు స్టార్మర్‌కు 56.2 శాతం ఓట్లేసింది ఆయన ఇచ్చిన పది హామీలు చూసి. రైల్వే, నీళ్ళు, విద్యుత్తు ప్రజల చేతిలో ఉండాలని, విద్యార్థుల ట్యూషన్ ఫీజు రద్దు కావాలని అందులో ఉంది. తర్వాత ఫీజు హామీ సహా చాలావాటిని ఆయనే పక్కన పెట్టాడు. ఓటేసినవాళ్ళకు చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. అలాగని శాఖలో పేరాలు దిద్ది పంపిన సభ్యుడికి, నాయకుణ్ణి ఎంచుకునే గదిలోకి ప్రవేశం లేకపోవడమూ న్యాయం కాదు. సవరణ రాసే తెలివి ఉందని నమ్మినవాణ్ణి, పేరు ఎంచుకునే తెలివి లేదనుకోవడం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ఇక లేబర్ పార్టీ 2021లో నిబంధనలు మళ్ళీ మార్చింది. డబ్బు కట్టి మద్దతుదారుగా ఓటేసే పద్ధతి రద్దు. బ్యాలెట్ ఎక్కాలంటే పార్టీ ఎంపీల్లో 20 శాతం మంది బలపరచాలి. 2015లో లేబర్ ఎంపీలు 232 మంది. ఆ రోజు 36 సంతకాలతో పోటీలోకి వచ్చిన కార్బిన్, ఈ లెక్క ప్రకారమైతే 47 తెచ్చుకోవాలి. అంటే సభ్యుల దాకా ఆయన పేరు వచ్చేదే కాదు. ఆ కార్బినే 2024లో పార్టీ టికెట్టు లేకుండా, ఇండిపెండెంటుగా అదే ఇజ్లింగ్టన్ నార్త్‌లో లేబర్ అభ్యర్థి మీద గెలిచాడు.

నమస్కారం.