ఒకే గది, ఒకే డ్రమ్మరు: న్యూ ఆర్లీన్స్ తొలి రాక్ అండ్ రోల్ రికార్డులు | రివ్యూ

అందరికీ నమస్కారం అండీ. రాక్ అండ్ రోల్ అనగానే మనలో చాలామందికి ఎల్విస్ ప్రెస్లీ గుర్తొస్తాడు. ఎల్విస్ మొదటి రికార్డు బజార్లోకి వచ్చింది 1954 జూలైలో. ఇవాళ నేను మొదలుపెట్టబోయే రికార్డు అంతకు నాలుగున్నరేళ్ల ముందుది. 1949 డిసెంబరు 10, అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరం.

కాపీరైట్ గొడవ ఉంటుంది కాబట్టి పాటలు ఇక్కడ వినిపించలేను. పేర్లన్నీ డిస్క్రిప్షన్లో పెట్టాను. వీడియో ఆపి ఒక్కో పాటా వినేసి మళ్లీ వచ్చినా పర్లేదు, నిజానికి అదే మంచిది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. పాడేవాళ్ల గొంతు ఎలాగూ వినిపిస్తుంది. మీరు మాత్రం డ్రమ్స్ మీద చెవి పెట్టండి. ఆ డ్రమ్స్ వాయించినాయన పేరు ఎర్ల్ పామర్. ఈ వీడియో ఆయన కోసమే చేస్తున్నాను.

ముందు ఈ పాటలు రికార్డయిన గది సంగతి. నార్త్ రాంపార్ట్ వీధి, డూమైన్ వీధి కలిసే మూల మీద జే అండ్ ఎమ్ అని ఒక షాపు. రికార్డులూ, ఇంట్లోకి కావాల్సిన కరెంటు సామాన్లూ అమ్మేవాళ్లు. ఆ షాపు వెనక చిన్న గదిలో కాసిమో మటాసా అనే కుర్రాడు 1945లో స్టూడియో పెట్టాడు. ఇప్పట్లాగా ఒక్కో వాద్యాన్నీ విడివిడిగా రికార్డు చేసి తర్వాత కలపడం లేదు. అందరూ ఒకేసారి వాయించాలి, ఒకేసారి పాడాలి. చివర్లో ఎవరి చెయ్యి తప్పినా మళ్లీ మొదటినుంచే. శాక్సఫోన్ ఎక్కువ వినపడితే ఆ మనిషిని మైకు నుంచి రెండడుగులు వెనక్కి జరపడమే మిక్సింగు. ఈ రికార్డుల్లో మనుషులందరూ ఒకరి పక్కన ఒకరు నిలబడి వాయిస్తున్నట్టు వినిపిస్తుంది. నిజంగానే అలా నిలబడ్డారు మరి!

మొదటి రికార్డు ఫాట్స్ డామినో పాడిన ‘ది ఫ్యాట్ మ్యాన్’. అప్పటికి ఆయనకి 21 ఏళ్లు. ట్యూన్ కొత్తది కాదు. ఛాంపియన్ జాక్ డుప్రీ 1940ల మొదట్లో చేసిన ‘జంకర్ బ్లూస్’ నుంచి వచ్చింది. అది మత్తుమందుల పాట. ఫాట్స్, బ్యాండ్ లీడర్ డేవ్ బార్తలోమ్యూ ఇద్దరూ కలిసి మాటలు మార్చేసి, లావుగా ఉన్న ఒక మనిషి హుషారుగా తన గురించి తాను చెప్పుకునే పాట చేశారు. మధ్యలో ఫాట్స్ మాటలు మానేసి సన్నగొంతుతో ‘వా వా’ అని ట్రంపెట్ పలికినట్టు పలుకుతాడు. ఆ కాసేపూ నాకు ముఖం మీద నవ్వు ఆగదు.

ఇప్పుడు డ్రమ్స్ వినండి. ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ అని లెక్కపెట్టండి. రెండు దగ్గరా నాలుగు దగ్గరా స్నేర్ మీద, అంటే టపటప పలికే చిన్న డ్రమ్ము మీద, దెబ్బ పడుతుంది. దాన్నే బ్యాక్‌బీట్ అంటారు. న్యూ ఆర్లీన్స్ పాత జాజ్ బ్యాండ్లకి ఇది తెలియనిదేం కాదు, కాకపోతే చివరి ఆవృతంలో ఊపు తెప్పించడానికి దాచిపెట్టుకునేవాళ్లు. పామర్ ఆ దెబ్బని పాట మొదటినుంచి చివరిదాకా వాయించాడు. ఇప్పుడు మన సినిమా మాస్ పాటల్లో రెండుకీ నాలుగుకీ పడే ఆ దెబ్బ ఎంత అలవాటైపోయిందంటే, అది ఎప్పుడో ఒకప్పుడు కొత్తగా ఉండేదని కూడా మనకి తట్టదు. ఎర్ల్ పామర్ చిన్నప్పుడు స్టేజీల మీద ట్యాప్ డాన్సు చేసేవాడు. ఆయన లయ ముందు పాదాల్లోకి వచ్చి, తర్వాత చేతుల్లోకి వెళ్లింది. వింటుంటే ఆ సంగతి తెలుస్తుంది.

రికార్డు మీద గరగర బాగానే ఉంటుంది, చెప్తున్నాను. దానికి భయపడి వదిలేయకండి.

రెండోది 1952. లాయిడ్ ప్రైస్, ‘లాడీ మిస్ క్లాడీ’. నా దృష్టిలో ఈ గదిలో పుట్టిన పాటలన్నిట్లోకీ అందమైనది ఇదే. కెన్నర్ అనే పక్క ఊరి కుర్రాడు, 19 ఏళ్లు. లాస్ ఏంజెలిస్ నుంచి స్పెషాల్టీ రికార్డ్స్ యజమాని ఆర్ట్ రూప్ కొత్త గొంతుల కోసం వెతుక్కుంటూ వచ్చాడు. పియానో మీద ఎవరనుకున్నారు? ఫాట్స్ డామినో! మొదట్లో గలగలమని జారే ఆ పియానో ఆయనదే. జాగ్రత్తగా వింటే ట్యూన్ కూడా ‘ది ఫ్యాట్ మ్యాన్’కి తోబుట్టువే, అదే ‘జంకర్ బ్లూస్’ కుటుంబం. అక్కడ హుషారుగా ఉన్న ట్యూన్ ఇక్కడ బతిమాలుకుంటుంది. లాయిడ్ ప్రైస్ గొంతులో చిన్న జీర ఉంది, ఏడుపు దగ్గరదాకా వెళ్లి ఆగిపోతుంది. పామర్ ఇక్కడ తొందరే పడడు. వెనక అలా ఊగుతూ ఉంటాడంతే. ఈ పాట అమెరికా ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్, నల్లవాళ్ల సంగీతం) చార్ట్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. తర్వాత ఆ అబ్బాయిని సైన్యంలోకి తీసుకున్నారు. కానీ ఒక మంచి పని చేశాడు, స్పెషాల్టీకి నీ టేపు పంపించు అని జార్జియాకి చెందిన ఒక గాయకుడికి సలహా ఇచ్చాడు.

ఆ గాయకుడే లిటిల్ రిచర్డ్.

1955 సెప్టెంబరు. ప్రొడ్యూసర్ బంప్స్ బ్లాక్‌వెల్. సెషన్ చప్పగా నడుస్తోంది. విరామంలో అందరూ డ్యూ డ్రాప్ ఇన్ అనే క్లబ్బుకి వెళ్లారు. అక్కడ పియానో కనిపించేసరికి రిచర్డ్ రెచ్చిపోయి, తను క్లబ్బుల్లో పాడుకునే పచ్చిబూతు పాట ఒకటి అందుకున్నాడు. ఇదీ మనకి కావాల్సిందని బ్లాక్‌వెల్‌కి అర్థమైంది. కానీ ఆ మాటలతో రికార్డు చేయడం కుదరదు. డొరొతీ లాబోస్ట్రీ అనే పాటల రచయిత్రిని కూర్చోబెట్టి మాటలు మార్పించారు. చివరి పావుగంటలో, రిచర్డే పియానో వాయిస్తూ, ‘టూటీ ఫ్రూటీ’ రికార్డు చేశారు.

ఇక్కడ కాస్త ఆగుదాం. మన మృదంగం భాషలో చెప్తాను. అప్పటిదాకా ఈ పాటలు ఎక్కువగా షఫుల్‌లో నడిచేవి, అంటే ఒక్కో దెబ్బకీ లోపల మూడు భాగాలు, తిస్ర నడకకి దగ్గర. లిటిల్ రిచర్డ్ కుడిచెయ్యి మాత్రం పియానో మీద సమానంగా టకటకటకటక కొడుతుంది. అది చతురస్రం. ‘టూటీ ఫ్రూటీ’లో డ్రమ్స్ ఇంకా షఫుల్ వైపే లాగుతుంటాయి, పియానో ఇటు లాగుతుంటుంది. ఆ రెండు నడకల పెనుగులాటే ఆ పాటకి అంత మంట పెట్టింది. తర్వాత 1957లో వచ్చిన ‘లూసిల్’ వినండి. పామర్ పూర్తిగా రిచర్డ్ కుడిచేతి వైపుకి వచ్చేశాడు. రిచర్డ్ చేతితో కలవడానికే తన వాయింపు మార్చుకున్నానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. ఇప్పటి రాక్ డ్రమ్మింగ్‌లో సగం ఆ సర్దుబాటు మీదే నిలబడి ఉందని నేను నమ్ముతాను.

‘టూటీ ఫ్రూటీ’ని వెంటనే పాట్ బూన్ అనే తెల్లగాయకుడు మర్యాదగా ఇస్త్రీ చేసి పాడితే, పాప్ చార్ట్‌లో అదే రిచర్డ్‌ది కంటే పైకి వెళ్లింది. నల్లవాళ్ల పాటలకి రేడియోల్లో ద్వారాలు మూసి ఉన్న రోజులు. అందుకే 1956లో ‘లాంగ్ టాల్ శాలీ’ని బూన్ నోరు తిరగనంత వేగంగా తీశారు. బూన్ అదీ పాడాడు. కానీ ఈసారి పైన నిలిచింది రిచర్డే.

షర్లీ అండ్ లీ జంట పాడిన ‘లెట్ ద గుడ్ టైమ్స్ రోల్’ కూడా వినండి, 1956. అమ్మాయి గొంతు మరీ సన్నం. కొందరికి నచ్చదు, నాకు నచ్చుతుంది.

స్మైలీ లూయిస్ పేరు చెప్పకుండా వీడియో ముగించలేను. 1955లో ‘ఐ హియర్ యూ నాకింగ్’. వదిలేసి వెళ్లిన మనిషి తిరిగొచ్చి తలుపు కొడుతుంటే లోపలినుంచి జవాబు చెప్పే పాట. పియానో హ్యూయీ స్మిత్. లూయిస్‌ది గదంతా నిండే గొంతు, మైకు అక్కర్లేదేమో అనిపిస్తుంది. ఆర్ అండ్ బీ చార్ట్‌లో రెండో స్థానం దాకా వెళ్లింది. పాప్ జనంలో మాత్రం అదే పాటని గేల్ స్టార్మ్ అనే నటి పాడితే ఆమెకి పేరొచ్చింది. ఆయన ‘వన్ నైట్’ పాడితే, అది ఎల్విస్‌కి హిట్ అయ్యింది. 1970లో డేవ్ ఎడ్మండ్స్ ‘ఐ హియర్ యూ నాకింగ్’ని బ్రిటన్‌లో నంబర్ వన్ చేశాడు. అప్పటికి స్మైలీ లూయిస్ చనిపోయి నాలుగేళ్లు. ఇంత గొంతున్న మనిషికి ఇలా జరగడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

వినేటప్పుడు ఒక జాగ్రత్త. స్ట్రీమింగ్ యాప్‌లలో ఈ పాటలు కొన్ని రెండు మూడు రకాలుగా కనిపిస్తాయి. లిటిల్ రిచర్డ్, లాయిడ్ ప్రైస్ ఇద్దరూ తమ హిట్లని తర్వాత వేరే కంపెనీలకి మళ్లీ పాడారు. వాటిలో ఈ గది ఉండదు. కింద కంపెనీ పేరు చూడండి. లిటిల్ రిచర్డ్‌కీ, లాయిడ్ ప్రైస్‌కీ స్పెషాల్టీ అని ఉండాలి, ఫాట్స్ డామినోకీ, స్మైలీ లూయిస్‌కీ ఇంపీరియల్. స్టీరియో అని రాసి ఉంటే అనుమానించండి, అసలువి మోనో, అంటే రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం.

ఎర్ల్ పామర్ 1957లో లాస్ ఏంజెలిస్ వెళ్లిపోయాడు. రిచీ వాలెన్స్ ‘లా బాంబా’లో డ్రమ్స్ ఆయనవే. ఆ లాస్ ఏంజెలిస్ రోజుల గురించి తర్వాతి వీడియోలో మాట్లాడుకుందాం. ఈలోగా ‘లాడీ మిస్ క్లాడీ’ విని, ఎలా ఉందో కింద కామెంట్లో రాయండి.