"సేట్, ఒక్క నిమిషం" అంటూనే రోజంతా పోతోందా?

[స్క్రీన్ మీద: రాణిగంజ్‌లో మోటర్ల షాపు, కౌంటర్ దగ్గర రద్దీ]

నమస్తే అండీ. షాపు గానీ, వర్క్‌షాపు గానీ, టిఫిన్ సెంటర్ గానీ నడిపేవాళ్లను ఎవర్ని కదిలించినా ఒకటే మాట, "అసలు టైమే దొరకట్లేదు". పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు రాత్రి దించేదాకా కాలు నిలవదు, తీరా ఇంటికొచ్చి చూసుకుంటే ఇవాళ ఎలాగైనా చేద్దామనుకున్న పని అలాగే ఉంటుంది.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఇలాంటి షాపు ముందు కాసేపు నిలబడి వినండి. "సేట్, వంద తగ్గించమంటున్నారు, ఇచ్చేయనా?" "సేట్, ఈయన మోటర్ వాపస్ తెచ్చాడు, తీసుకోవాలా?" "సేట్, ట్రాలీ ఆటోకి ఎంత ఇమ్మంటారు?" ఆ సేట్ చేతిలో ఒక అపార్ట్‌మెంట్ బిల్డర్‌కి పంపాల్సిన కొటేషన్ ఉంది, సగంలో ఉంది. ఒక్కో ప్రశ్నకి జవాబు అర నిమిషమే, కానీ మళ్లీ కాగితం మీద కళ్లు పెట్టాక ఎక్కడ ఆపాను, జీఎస్టీ కలిపానా లేదా అని మొదటి నుంచీ చూసుకోవాలి. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ఇదే విషయం మీద పేపర్ రాశారు, ఒక పనిని మధ్యలో వదిలేసి ఇంకోదానికి మారితే మన ధ్యాస కొంత ఆ పాత పని దగ్గరే ఉండిపోతుందని.

మరి అన్నీ మీ దగ్గరికే ఎందుకొస్తున్నాయి? జవాబులన్నీ మీ బుర్రలోనే ఉన్నాయి కాబట్టి. వాటిని బయటికి తీసి రాయండి.

[స్క్రీన్ మీద: అట్ట ముక్క, మార్కర్‌తో రాస్తున్న చెయ్యి]

అట్ట మీద ఇలా రాయండి: బిల్లు మీద 3 శాతం దాకా కౌంటర్‌లో ఉన్నవాళ్లే తగ్గించొచ్చు, దాటితేనే నన్ను అడగాలి. బిల్లు ఉండి, వారం లోపు తెచ్చి, కనెక్షన్ ఇవ్వని మోటర్ అయితే మార్చి ఇచ్చేయాలి. ట్రాలీకి కూకట్‌పల్లికి ఇంత, ఎల్‌బీ నగర్‌కి ఇంత. అంకెలు మీ వ్యాపారాన్ని బట్టి మీవి మీరు పెట్టుకోండి, అట్టని కౌంటర్ లోపలి వైపు అంటించండి. కొన్నాళ్లు కుర్రాళ్లు అలవాటు కొద్దీ అడుగుతూనే ఉంటారు, నోటితో చెప్పకండి, అట్ట చూపించండి. ఎవరైనా పొరపాటున ఒక వంద ఎక్కువ తగ్గించేస్తే దయచేసి అందరి ముందూ అరవకండి, ఒక్కసారి అరిచారంటే రేపటి నుంచి ప్రతి బేరం మళ్లీ మీ టేబుల్ మీదికే వస్తుంది.

కొటేషన్, స్టాక్ లెక్క, బాకీల లిస్టు లాంటివి షట్టర్ ఎత్తకముందు ఒక గంటలో చేసుకోండి. ఆ గంటలో వాట్సాప్ చూడొద్దు. వాట్సాప్ బిజినెస్‌లో "అవే (away) మెసేజ్" అని ఉంటుంది, టైమ్ సెట్ చేస్తే అడిగినవాళ్లకి "10:30కి షాపు తెరుస్తాం" అని అదే జవాబిస్తుంది. లొకేషన్, బ్యాంక్ వివరాలు రోజూ టైప్ చేస్తున్నారా? క్విక్ రిప్లైలో ఒక్కసారి పెట్టేస్తే స్లాష్ కొట్టగానే వచ్చేస్తాయి.

ఇంకోటి, జీఎస్టీ టెన్షన్. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకి జీఎస్‌టీఆర్-1, అంటే అమ్మకాల వివరాలు, తర్వాతి నెల 11, జీఎస్‌టీఆర్-3బీ, అంటే పన్ను లెక్క చూపి కట్టేది, 20, ఇవి ముందే తెలిసిన తేదీలు. అయినా 19వ తేదీ రాత్రి కొనుగోలు బిల్లులు వెతుకుతూ కూర్చుంటాం, ఆలస్యమైతే లేట్ ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. ప్రతి శనివారం ఆ వారం బిల్లులు ఫొటో తీసి అకౌంటెంట్‌కి పంపేయండి, అరగంట పని.

బ్యాంకు, బేగంబజార్ కొనుగోళ్లు, పార్టీల దగ్గర వసూళ్లు, ఇవన్నీ వారంలో ఒకే రోజుకి చేర్చండి, అదీ ఆఫీసుల ట్రాఫిక్ తగ్గాక. మియాపూర్, ఎల్‌బీ నగర్ వైపైతే మెట్రోలోనే వెళ్లండి, లేదంటే స్టీరింగ్ పట్టుకుని కూర్చోవాల్సిన ఆ టైమ్‌లో వసూళ్ల మెసేజ్‌లన్నీ పంపేయొచ్చు.

ఇక షాపులో నాన్నగారు కూడా కూర్చుంటారనుకోండి, ఆ అట్ట మీద ఒక్క అంకె రాసేముందు ఆయన్ని అడగండి. ఏ మేస్త్రీకి ఎంత తగ్గిస్తే మళ్లీ మన దగ్గరికే వస్తాడో, ఎవరికి ఖాతా పెట్టకూడదో మనకంటే ఆయనకే బాగా తెలుసు, పైగా తనని అడక్కుండా పెట్టిన రూల్‌ని ఆయనే కౌంటర్ దగ్గర మార్చేస్తే కుర్రాళ్లు ఎవరి మాట వినాలో తెలియక మళ్లీ మీ దగ్గరికే వస్తారు.