కప్పంటే 250 గ్రాములా? కానే కాదు!

కేకు రెసిపీలో "రెండు కప్పుల మైదా" అని ఉంటే, కప్పు 250 ఎం.ఎల్. కాబట్టి 250 గ్రాములేనని అరకేజీ తూచి పోసేస్తున్నారు. అసలు పడాల్సిందానికి అది రెట్టింపు! ఈ ఒక్క లెక్క తప్పడం వల్ల ఎన్ని కేకులు గట్టిపడి పారేస్తున్నారో తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది. బటర్ రేటు చూశారా ఇప్పుడు?

మన చిత్తూరు, తిరుపతి వాళ్లకు ఇది చెప్పడం సులువు. సంతలో పడితో శెనక్కాయలు కొలవడం చూసే ఉంటారు. ఒక పడికి తొక్కతో ఉన్న కాయలు పోయండి. అదే పడికి ఒలిచిన గింజలు పోయండి. పడి మారలేదు, కానీ కాటా మీద పెడితే గింజలు బరువు, కాయలు తేలిక. కాయల మధ్య, తొక్క లోపల అంతా గాలే కదా!

మైదా కాయల పడి, చక్కెర గింజల పడి. 240 ఎం.ఎల్. కప్పుకు మైదా 120 నుంచి 125 గ్రాములు, చక్కెర 200, బటర్ 227. ఎం.ఎల్. ఎంతో గ్రాములూ అంతే ఉండేది నీళ్లకే. నూనెకు కూడా కుదరదు. వంటింట్లో శెనగనూనె ప్యాకెట్ తిప్పి చూడండి, 1 లీటరు అని వేసి పక్కనే 910 గ్రాములు అని ఉంటుంది. అంటే కప్పు నూనె 220 గ్రాముల లోపే.

అసలు తంటా మైదాతోనే. పడిని నేలకు రెండుసార్లు తట్టితే గింజలు సర్దుకుని ఇంకో గుప్పెడు పడుతుంది కదా, పిండీ అంతే. కప్పును ప్యాకెట్‌లోకి దించి తోడితే అణిగిపోయి 150 గ్రాముల దాకా వస్తుంది. స్పూన్‌తో మెల్లగా వేసి, పైన చాకు వీపుతో గీస్తే 120. ఒకటే కప్పు, ఒకటే మైదా, 30 గ్రాముల తేడా! నన్నడిగితే కొత్త ఓవెన్ కంటే ముందు ఒక డిజిటల్ కాటా కొనండి.

మీ కప్పు కొలత తెలీదా? ఖాళీ కప్పు కాటా మీద పెట్టి, సున్నా చేసి, అంచు దాకా నీళ్లు పోయండి. ఎన్ని గ్రాములు చూపిస్తే అన్ని ఎం.ఎల్. అమెరికా కప్పు దాదాపు 237, ఆస్ట్రేలియా వాళ్లది 250. "ఏ కప్పైతే ఏం, అన్నీ దాంతోనే కొలిస్తే సరిపోతుందిగా" అంటారు కొందరు. గుడ్లు కప్పుతో కొలుస్తామా మరి?

చక్కెర బదులు బెల్లం వేసేవాళ్లు వినండి. తురిమిన బెల్లం వదులుగా పోస్తే కాయల పడి, అదిమితే గింజల పడి. అందుకే 200 గ్రాముల చక్కెరకు 200 గ్రాముల బెల్లం తూచేయండి. బెల్లంలో తేమ ఉంటుంది, పాలు ఒకటి రెండు స్పూన్లు తగ్గించండి.

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. పొడి చక్కెర కప్పు 120, చక్కెరే కదా అని 200 వేయొద్దు. కోకో 85, పాలు 245. టేబుల్ స్పూన్ 15 ఎం.ఎల్., టీ స్పూన్ 5. బేకింగ్ సోడా, బేకింగ్ పౌడర్ మాత్రం స్పూన్‌తోనే కొలవండి, ఇంట్లో కాటాకు రెండు మూడు గ్రాములు సరిగ్గా అందవు. గుడ్డు పెంకు తీశాక సుమారు 50. రాగిపిండికి, మిల్లులో పట్టించిన గోధుమపిండికి ఎవరి పట్టికా నమ్మొద్దు, మర మారితే పిండి మెత్తదనం మారుతుంది, బరువూ మారుతుంది. మీ కప్పుతో మూడుసార్లు నింపి తూచి, సగటు తీసి డబ్బా మీద రాసి అంటించుకోండి. వచ్చే వీడియోలో ఆ గ్రాములతోనే రాగి కేకు చేద్దాం.