విండో నల్లగా వస్తోంది సార్!

వేదిక మీది పెద్దలకు, భోజనాలయ్యాక కూడా నిద్రపోకుండా కూర్చున్న ఫైనలియర్ పిల్లలకు నమస్కారం. నాకిచ్చిన అంశం గ్రాఫిక్స్‌లో ఉద్యోగావకాశాలు. నేను మాట్లాడబోయేది వేరే: మనం ఊరికే వాడుకునే ఓపెన్ సోర్స్ లైబ్రరీల గురించి, అంటే కోడు అందరికీ తెరిచి పెట్టిన లైబ్రరీల గురించి.

జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ వాడినవాళ్లు ఎంతమంది? పర్లేదు, బాగానే ఉన్నారు. ఓపెన్‌జీఎల్, అంటే తెర మీద బొమ్మలు గీయించే ప్రమాణం, వాడే ప్రోగ్రాముకి విండో తెరిచి, కీబోర్డు, మౌస్ కబుర్లు అందించే చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ అది. బొమ్మ మాత్రం మనమే గీసుకోవాలి. 2018లో ఆపిల్ కంప్యూటర్ల ఓఎస్ కొత్త వెర్షన్, మ్యాక్‌ఓఎస్ మొజావే వచ్చింది. నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రామునే కొత్త సిస్టమ్ మీద మళ్లీ కంపైల్ చేస్తే విండో నల్లగా వచ్చింది. ఎర్రర్ లేదు, క్రాష్ లేదు. మౌస్‌తో విండోని పట్టుకుని కాస్త పక్కకి జరిపితే చాలు, బొమ్మ ప్రత్యక్షం!

జనం ఏం చేశారో తెలుసా? ప్రోగ్రాం మొదలవగానే విండోని ఒక్క పిక్సెల్ జరిపే లైను కోడులో పెట్టేసుకున్నారు. జబ్బు వదిలేసి జ్వరానికి బిళ్ల వేసుకోవడమన్నమాట. అసలు మందు లైబ్రరీలో పడాలి. 2019లో 3.3 వెర్షన్ వచ్చేసరికి పడింది.

ఇప్పుడా పిక్సెల్ లైనున్న కోడుని వేలాండ్ (విండోలని తెర మీద చూపించే పద్ధతి) నడిచే లినక్స్ మీదకి తీసుకెళ్లండి. అక్కడ విండో తానెక్కడ కూర్చోవాలో తాను చెప్పుకోలేదు. 2024లో వచ్చిన 3.4 వెర్షన్‌లో విండోని జరిపే ఆ ఫంక్షన్ పిలిస్తే, ఈ సౌకర్యం ఇక్కడ లేదని ఎర్రర్ వస్తుంది. తిట్లు మాత్రం లైబ్రరీ వాళ్లకే!

ఆపిల్ అయితే మొజావేతోనే ఓపెన్‌జీఎల్‌కి కాలం చెల్లిందని ప్రకటించింది. మ్యాక్‌లో ఓపెన్‌జీఎల్ 4.1 వెర్షన్ దగ్గరే ఆగిపోయింది, అంటే 2010 నాటి ప్రమాణం.

నేను పనిచేసిన ఒక కంపెనీలో ఇలాంటి లైబ్రరీ మీదే ప్రొడక్టు నడిచేది. కొత్త ఓఎస్ రాగానే టెన్షన్. మీటింగు మీద మీటింగు. ‘కమ్యూనిటీ ఎప్పుడు ఫిక్స్ ఇస్తుంది?’ అని మేనేజరు అడుగుతాడు. కమ్యూనిటీ అంటే ఎవరండీ? ఉద్యోగం నుంచి ఇంటికొచ్చి, అన్నం తిని, రాత్రి కూర్చునే నలుగురు. వాళ్లకి టెస్టింగుకి ఒక మ్యాక్ కొనిద్దామంటే బడ్జెట్ లేదన్నారు. ఆ మీటింగులకైన సమోసాల ఖర్చుతో సగం మ్యాక్ వచ్చేది.

నవ్వకండి. చాలా కాలేజీ ల్యాబుల్లో ఇంకా గ్రాఫిక్స్.హెచ్, అంటే టర్బో సీ అనే పాత సీ కంపైలర్‌తో వచ్చే గ్రాఫిక్స్ లైబ్రరీ, నడుస్తోంది కదా? 64 బిట్ విండోస్ పాత 16 బిట్ టర్బో సీని ముట్టుకోదు. పాత డాస్ ప్రోగ్రాములని నడిపించే డాస్‌బాక్స్‌లో పెట్టి నడుపుతున్నారు. ఆ డాస్‌బాక్స్ కూడా ఓపెన్ సోర్సే. మన సిలబస్‌ని బతికిస్తున్నది ఎవరో ముక్కూ మొహం తెలియని వాళ్లు!

కోడు రాయమని అడగట్లేదు. కొత్త ఓఎస్ బీటా, అంటే విడుదలకి ముందు పరీక్షకిచ్చే వెర్షన్, వేసుకున్నవాళ్లు ముందుగా నడిపి చూసి చెప్పండి. ‘పనిచేయట్లేదు’ అని ఊరుకోకండి. ఓఎస్ వెర్షను, గ్రాఫిక్స్ కార్డు, డ్రైవరు, తప్పు కనబడే అతి చిన్న ప్రోగ్రాం, ఇవి కావాలి. వెనక వరుసలో మ్యాక్ పెట్టుకున్న అమ్మా, ఓసారి ముందుకి రా. ఆ కేబుల్ ఇలా ఇవ్వండి, త్రిభుజం గీసే చిన్న ప్రోగ్రాం ఇప్పుడే నడిపి చూద్దాం.