తొంభై తొమ్మిది రూపాయల లెక్క

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు కార్యదర్శి గారు ఇప్పటికే రెండుసార్లు చదివారు, మూడోసారి నేను చదవను. గ్రంథాలయ వారోత్సవాల్లో నాకిచ్చిన అంశం ‘మద్యం ధరలు, పన్నులు: మంచిచెడ్డలు’. ముప్పయ్యేళ్లు లెక్కల అయ్యోరుగా చేసినవాణ్ణి, సుద్దముక్క చేతిలో లేకపోతే నాకు మాట రాదు. అందుకే ఆ బోర్డు అడిగి పెట్టించుకున్నాను.

2024 అక్టోబరు 16 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో కొత్త మద్యం పాలసీ. ప్రైవేటు షాపులు 3,396. దరఖాస్తుకు 2 లక్షలు, లాటరీలో షాపు తగలకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. దాదాపు 90 వేల దరఖాస్తులు పడ్డాయి. గుణించండి. వెనక బెంచీ బాబూ, నువ్వు చెప్పు. ఊఁ, 1,800 కోట్లు. ఒక్క సీసా మూత తియ్యకముందే!

ఇక చౌక రకం మందు క్వార్టరు సీసా 99 రూపాయలు. వంద కాదు, 99. చెప్పుల షాపులో అట్టముక్క మీద రాసిన ధర లాగా. 2020 మేలో లాక్‌డౌన్ సడలించగానే రెండు రోజుల్లో 75 శాతం పెంచినప్పుడు ‘తాగుడు మాన్పించడానికే’ అన్నారు. ఇప్పుడు ‘పేదవాడికి అందుబాటు ధర’ అంటున్నారు. రెండు మాటలూ విన్నాం, రెండుసార్లూ చప్పట్లు కొట్టాం. రేటు పెంచితే తాగుడు తగ్గదా అంటే, కొంత తగ్గుతుంది, కాదనను. కానీ అదే ఏడాది జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా పోయారు. వాళ్లను ఏ పద్దులో రాద్దాం?

స్కాట్లాండ్ సంగతి చెప్పమని మన లైబ్రేరియన్ గారు ప్రత్యేకంగా అడిగారు. అక్కడ 2018 మే 1 నుంచి కనీస ధర చట్టం అమల్లో ఉంది. 10 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్‌ను ఒక యూనిట్ అంటారు. యూనిట్‌కు ఇంత, దానికి తక్కువ అమ్మకూడదు. మొదట 50 పెన్నీలు పెట్టారు, 2024 సెప్టెంబరు 30న 65 చేశారు. మన క్వార్టరు ఎంత? 180 మిల్లీలీటర్లు. అందులో ఆల్కహాల్ 42.8 శాతం, అంటే 77 మిల్లీలీటర్లు. వాళ్ల లెక్కన 7.7 యూనిట్లు, 5 పౌండ్లు. మన డబ్బులో 500 పైమాటే. అక్కడి కూలి వేరు, ఇక్కడి కూలి వేరు, ఆ మాత్రం నాకూ తెలుసు. నేను చూపించేది ఆ 500 కాదు. వాళ్లు సీసాను చూసి కాక, సీసాలోని మత్తును కొలిచి ధర కట్టారు. మన దగ్గర? 650 మిల్లీలీటర్ల మామూలు బీరులో 5 శాతం, అంటే 32 మిల్లీలీటర్లు. దాని ధర 99 కంటే ఎక్కువ! సగం మత్తు కూడా లేనిదానికి ఎక్కువ, రెట్టింపు పైన ఉన్నదానికి తక్కువ. ఎనిమిదో తరగతి పిల్లాడు ఇట్లా లెక్క చేసుకొస్తే నేను సున్నా వేసేవాణ్ణి.

ఇంకోటి. అక్కడ పెరిగిన ధర పన్ను కాదు, షాపువాడి దగ్గరే ఉంటుంది. దాని మీద విమర్శలూ ఉన్నాయి. మన దగ్గర మందు జీఎస్టీలో లేదు, పన్నంతా రాష్ట్రానిదే. కరెంటు బాకీ కట్టాలన్నా, పింఛను పెంచాలన్నా చూపు అటే పోతుంది. తాగుడు మాన్పిస్తాననేదీ, ఈ ఏడు అమ్మకాలెంత అని రాత్రిళ్లు లెక్క చూసుకునేదీ ఒకే చెయ్యి...

ఆఁ, కార్యదర్శి గారు వాచీ చూస్తున్నారు. అసలు నేను చెప్పాలని వచ్చింది ఇంకా మొదలే కాలేదు. ఒక్క ఐదు నిమిషాలు.

1991. నెల్లూరు జిల్లాలో అక్షర దీపం, అంటే పెద్దవాళ్లకు చదువు నేర్పే ఉద్యమం. నేను డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉంటే, మా ఊరి రాత్రి బడికి వాలంటీరుగా పెట్టారు. అరుగు మీద లాంతరు, పన్నెండు మంది ఆడోళ్లు. నాట్లేసి వచ్చినవాళ్లు, గోళ్ల సందుల్లో బురద ఎండి ఉండేది. వాళ్లలో ఒకక్క, పేరు చెప్పను, పలక బలపం పట్టుకుంటే వేళ్లు వణికేవి. అంకెలు మాత్రం గబగబా వచ్చాయి. ఒకనాడు నన్నాపి, “అయ్యోరా, నాకు నూరు దాకే వచ్చు. ఆపైన నేర్పు” అంది. తొందరేముంది, వచ్చే వారం చెప్తానన్నాను. “కాదయ్యోరా, మా ఇంటాయన పొద్దుకు రెండు పాకెట్లు తాగతాడు. ఏడాదికెన్నో రాసుకోవాల” అంది.

సారా పాకెట్లండీ. పాలిథిన్ కవర్లు. పంటితో కొరికి ఉమ్మేసిన మూలలు కాలవ గట్టున తెల్లగా పడి ఉండేవి.

ఆ రాత్రి నూర్లు నేర్పాను. 365 పక్కన 2 వేయించాను. 730 అని రాసింది. రాసి చానాసేపు చూసింది. నేను పొంగిపోయాను, హెచ్చవేత వచ్చేసిందని! పిచ్చివాణ్ణి. మర్నాడు బడికి ఒక్కరూ రాలేదు. పన్నెండు మందీ సారా కొట్టు ముందు కూర్చున్నారు. సారా వ్యతిరేక ఉద్యమంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ గారి పేరు అప్పటికి మాకు తెలియదు. ఆ తర్వాత 1992లో జిల్లాలో సారా వేలంపాటలే సాగకపోవడం, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం, 1995లో పూర్తి నిషేధం, 1997లో దాన్ని ఎత్తెయ్యడం పేపర్లలో వచ్చాయి. ఆ పలక ఏ పేపర్లోనూ రాలేదు.

ఆమె ఉంది. మొన్న సంతలో కనబడింది. మనవడు ఆటో తోల్తాడంట. “క్వార్టరు 99 అంటగా అయ్యోరా” అంది. ఇంకేం అనలేదు. ఆ అనకపోవడం చూసే ఈ సభకు ఒప్పుకున్నాను.

తల్లులారా, అన్నలారా, నేను అడిగేది చిన్నది. ధర పెంచండి, తగ్గించండి, మీ ఇష్టం. కానీ కట్టేటప్పుడు సీసాలో ఎంత మత్తుందో కొలిచి కట్టండి. ఆ కొలత సీసా మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో వెయ్యండి. ఈ మాట ఇక్కడున్న మండల ప్రజాప్రతినిధి గారు పైకి చేరవేస్తారని ఆశ.

ఇదిగో, చీటీ వచ్చింది. దిగిపోతున్నాను. రేపు ఇదే బోర్డు మీద పిల్లలకు క్విజ్ ఉందని తెలుసు. అయినా ఈ లెక్క ఈ రాత్రికి ఉండనివ్వండి. డస్టరు నేను పట్టుకుపోతున్నాను, పొద్దున్నే తెచ్చిస్తాను.