నరంలో దాక్కున్న వైరస్

అందరికీ నమస్కారం. పశువైద్య విద్యార్థులు, ఊళ్లలో పశువులకు కృత్రిమ గర్భధారణ, ప్రథమ చికిత్స చేసే గోపాలమిత్రలు, పాడి రైతులు ఒకేచోట కూర్చోవడం అరుదు. అందుకే మీ ముగ్గురికీ ఎదురయ్యే ఒక జబ్బునే ఈరోజు ఎంచుకున్నాను.

దాన్ని మనం ఐబీఆర్ (ఇన్ఫెక్షియస్ బొవైన్ రైనోట్రాకియైటిస్, అంటే పశువుల ముక్కుకు, శ్వాసనాళానికి వచ్చే అంటువ్యాధి) అంటాం. ఆవుకు జ్వరం వస్తుంది, ముక్కు లోపల ఎర్రబడి చీమిడి కారుతుంది, పాలు తగ్గుతాయి. చూడి పశువైతే ఈసుకుపోవచ్చు. దీనికి కారణం బొవైన్ హెర్పిస్ వైరస్-1. జబ్బు ఎంత ముదురుతుందన్నది పశువు వయసు మీద, ఒంట్లో శక్తి మీద, వెనకే వచ్చే బాక్టీరియా మీద ఆధారపడుతుంది. అది మీకు తెలిసిందే. నేను చెప్పబోయేది వైరస్ వైపు సంగతి.

ఈ వైరస్ డీఎన్ఏలో సుమారు 1,35,000 అక్షరాలు, 70 దాకా జన్యువులు ఉంటాయి. వాటిలో కొన్నింటిని తీసేసినా ల్యాబ్‌లో వైరస్ బాగానే పెరుగుతుంది. పశువు ఒంట్లోకి వెళ్లాకే తేడా తెలుస్తుంది. థైమిడిన్ కైనేజ్ జన్యువునే చూడండి. నరాల కణాలు విభజన చెందవు కాబట్టి డీఎన్ఏ తయారీకి కావలసిన ముడిసరుకు వాటిలో తక్కువ. ఆ లోటు పూడ్చుకునే ఎంజైమును వైరస్ తన వెంటే తెచ్చుకుంటుంది. ఆ జన్యువు పోతే నరాల్లో దాని జోరు తగ్గిపోతుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఎల్ఆర్ అనే జన్యువు. జ్వరం తగ్గి పశువు కోలుకున్నాక కూడా వైరస్ ఒంట్లోంచి పోదు. ముఖానికి వెళ్లే ట్రైజెమినల్ నరపు ముడిలో బతికినంత కాలం నిద్రపోతుంది. ఆ నిద్రలో అది చురుగ్గా చదివే జన్యువు ప్రధానంగా ఇదొక్కటే. అమెరికాలోని నెబ్రాస్కా శాస్త్రవేత్తలు ఈ జన్యువు మొదట్లోనే 'ఇక ఆగు' అనే సంకేతాలు 3 పెట్టి, ఆ వైరస్‌ను దూడలకు ఎక్కించారు. ముక్కులో అది బాగానే పెరిగింది. కళ్లలోంచి మాత్రం తక్కువగా వచ్చింది. తర్వాత డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు ఇచ్చి నిద్ర లేపాలని చూశారు. మామూలు వైరస్ లేచింది, మార్చిన వైరస్ లేవలేదు. డీఎన్ఏలో అంత చిన్న మార్పు!

ఆ డెక్సామెథసోన్ మన గోపాలమిత్రలకు కొత్త మందు కాదు, మీ సంచీలోనే ఉంటుంది. ఈ వైరస్‌ను మోస్తున్న పశువుకు దాన్ని ఇస్తే, పైకి ఏమీ కనబడకుండానే ముక్కులోంచి వైరస్ మళ్లీ రావచ్చు. ఈనడం, దూరప్రయాణం లాంటి ఒత్తిడి కూడా ఇలాగే లేపుతుంది. కొత్తగా కొన్న ఆవును వెంటనే మందలో కలపొద్దని నేను పట్టుబట్టేది అందుకే.

మూడో జన్యువు జీఈ అనే ప్రొటీన్‌ది. నరంలో లేచిన వైరస్ తిరిగి ముక్కుదాకా రావడానికి ఈ ప్రొటీన్ కావాలి. దాని జన్యువు తీసేసిన వైరస్ దూడల్లో జబ్బును చాలా తేలికగా తెస్తుంది. యూరప్‌లో మార్కర్ టీకాలు తయారైంది దీనితోనే. టీకా వేసిన పశువు రక్తంలో జీఈకి యాంటీబాడీలు ఉండవు, బయటి వైరస్ సోకితే ఉంటాయి. యాంటీబాడీలను పట్టే ఒక్క ఎలైసా పరీక్షతో రెండింటినీ విడదీయొచ్చు. జర్మనీ ఇలాంటి టీకాలు వాడుతూ, పరీక్షలు చేస్తూ, 2017లో ఈ జబ్బు లేని దేశంగా గుర్తింపు పొందింది.

మన దగ్గర వీర్యం ద్వారా కూడా ఇది పాకుతుంది. కాబట్టి రైతులూ, ఎద్దుకు ఐబీఆర్ పరీక్ష చేశారా అని అడగండి, అడగడం మీ హక్కు. విద్యార్థులారా, ఆవు ఈసుకుపోయిన చోట, అలా ఈసుకుపోయేలా చేసే బ్రుసెల్లా బాక్టీరియా లేదని తేలగానే ఫైలు మూసేయకండి. ఐబీఆర్‌కు కూడా శాంపిల్ పంపండి, ఐస్‌లో పెట్టి.